ఆరు వాట్లు ఎక్కడ పోయాయి?
ఇంట్లో కట్టుకున్న ట్రాన్స్‌మిటర్ల కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యవర్గం వారు కోరారు. పెన్షన్ సవరణ గురించి, కరువు భత్యం గురించి వ్రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. నేను వరంగల్ క్యారియర్ గదిలో సర్వీసంతా లెవెళ్లు కొలుస్తూ గడిపినవాణ్ణి. కాబట్టి మన టెలికాం శాఖకు దూరపు చుట్టం లాంటి ఒక విద్యను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. అదే అమెచ్యూర్ రేడియో. వ్యవహారంలో హామ్ రేడియో అంటారు. లైసెన్సు తీసుకున్న వ్యక్తి జీతం కోసం కాక, ఆసక్తి కొద్దీ తన ఇంటినుంచే వైర్‌లెస్‌లో మాట్లాడే విద్య ఇది.

ఈ విద్యలో సెట్టు కొనుక్కునేవారు ఒక తెగ, కట్టుకునేవారు మరొక తెగ. కట్టుకునేవారి నోట తరచుగా వినబడే ఫిర్యాదు ఒకటుంది: "సెట్టు వినబడుతోంది, కాని పవర్ రావడం లేదు." ఈ ఒక్క ఫిర్యాదు వెంట నడిస్తే ఇంట్లో కట్టిన ట్రాన్స్‌మిటర్ల చరిత్ర చాలావరకు తెలిసిపోతుంది.

తొలి రోజులు

మన దేశంలో మొదటి హామ్‌లుగా కలకత్తాకు చెందిన అమరేంద్ర చంద్ర గుప్తు (1921), ముకుల్ బోస్ పేర్లు చెబుతారు. అప్పటికి ప్రజలకు రేడియో కేంద్రాలే లేవు. మన నైజాం ఇలాకాలో దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న ప్రసారం మొదలుపెట్టినప్పుడు దాని శక్తి 200 వాట్లు. అంటే రెండు నూరు వాట్ల బల్బులు తినేంత. ఒక రాజధాని నగరానికి చాలిన రేడియో కేంద్రం అది! 1950 ఏప్రిల్ 1న దాన్ని భారత ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. వాట్ల లెక్క ఎంత సాపేక్షమో చెప్పడానికి ఈ ఉదాహరణ ఇచ్చాను.

1939లో యుద్ధం రాగానే అమెచ్యూర్ ప్రసారాలను ఆపివేశారు. అయినా ఇంటి ట్రాన్స్‌మిటర్ మూగబోలేదు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో ఉషా మెహతా, ఆమె మిత్రులు బొంబాయిలో రహస్యంగా కాంగ్రెస్ రేడియోను నడిపారు. ఆగస్టు చివర మొదలైన ఆ ప్రసారం నవంబరు 12న పోలీసులు పట్టుకునేదాకా సాగింది. దానికి ట్రాన్స్‌మిటర్ సమకూర్చడంలో చెయ్యి ఉన్న నారిమన్ ప్రింటర్ అమెచ్యూర్ రేడియో తెలిసినవాడే. స్వాతంత్ర్యం వచ్చాక 1948 మే 15న, మధ్య భారతంలోని మౌ పట్టణంలో, సైన్యం వారి సిగ్నల్స్ పాఠశాలలో దేశవ్యాప్త అమెచ్యూర్ సంఘం ఏర్పడింది.

807 వాల్వు కాలం

యుద్ధం ముగిశాక మిగులు సామాను అంగళ్లకెక్కింది. వైర్‌లెస్ సెట్లు, కండెన్సర్లు, మీటర్లు తూకానికి దొరికేవి. మన పెద్ద తరం హామ్‌లు వాటితోనే సెట్లు కట్టారు. వారిలో అందరికీ పరిచయమైన వాల్వు 807. అమెరికాలోని ఆర్.సి.ఎ. కంపెనీ విడుదల చేసిన ఈ గాజు వాల్వు ఎన్నో ఇళ్లలో నీలిరంగు మెరుపుతో వెలిగింది.

వాల్వు సెట్టులో పవర్ కోసం వెతకడం సులువే కాని ప్రాణాంతకం. ప్లేటు మీద కొన్ని వందల వోల్టులుంటాయి. ఒక చెయ్యి జేబులో పెట్టుకొని రెండో చేత్తో పని చెయ్యమని పెద్దలు చెప్పేవారు. ప్లేటు కరెంటు మీటరును చూస్తూ వేరియబుల్ కండెన్సర్ తిప్పాలి. ఒకచోట ముల్లు చప్పున కిందికి దిగుతుంది. దాన్నే డిప్ అంటారు. సర్క్యూట్ శ్రుతిలో పడిందనడానికి అది గుర్తు. ఆ తరువాత మెల్లగా లోడ్ పెంచాలి. ముల్లు దిగకపోతే కాయిల్లోనో కండెన్సర్లోనో లోపం, దిగినా పవర్ రాకపోతే ముందరి దశ నుంచి గ్రిడ్‌కు తగినంత డ్రైవ్ అందడం లేదని అర్థం.

పవర్ వస్తోందో లేదో చూడటానికి చాలామంది యాంటెన్నా స్థానంలో మామూలు కరెంటు బల్బు పెట్టేవారు. బల్బు వెలిగితే సంబరం. కాని అది ఉనికిని చెబుతుందే తప్ప కొలత చెప్పదు. చల్లగా ఉన్నప్పుడు ఫిలమెంటుకున్న రెసిస్టెన్సు వేడెక్కాక సుమారు పదింతలవుతుంది. కొలిచే తూకపురాయే బరువు మారుతుంటే తూకం ఎలా కుదురుతుంది?

లైసెన్సులు, మోర్సు, మన శాఖ

1978 నాటి నిబంధనల ప్రకారం రెండో గ్రేడు లైసెన్సుకు నిమిషానికి 5 మాటల వేగంతో మోర్సు పంపాల్సి, వినాల్సి ఉండేది. మన తంతి విభాగం వారికి అది ఎడమచేతి పని. 2013 జులైలో మన దేశంలో తంతి సేవ ముగిసింది. ఆ కట్ట-కడ శబ్దం నేటికీ వినాలంటే హామ్ బ్యాండు తిప్పాల్సిందే.

హైదరాబాదులో 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడటం మన తెలుగు జిల్లాలకు పెద్ద ఊతమైంది. తరగతులు, పరీక్షకు శిక్షణ దగ్గరలోనే దొరికాయి. 1984లో ప్రభుత్వం వైర్‌లెస్ సెట్ల మీద దిగుమతి సుంకాన్ని మినహాయించింది. జపాను సెట్లు రావడం మొదలైంది. నేను కూడా ఆ దశాబ్దంలోనే లైసెన్సు తీసుకున్నాను. అయితే సుంకం తీసేసినా ఆ సెట్టు ధర మన జీతాలకు అందేది కాదు. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె పోను మిగిలిన దానితో కోఠీ గుజరాతీ గల్లీలో ట్రాన్సిస్టర్లు, క్రిస్టళ్లు కొనుక్కొని, కాజీపేట బండెక్కి తెచ్చుకోవడమే మాకు తెలిసిన మార్గం.

హైదరాబాదు నుంచి ప్రపంచానికి

ఇక్కడ మనవాళ్లంతా గర్వపడదగిన విషయం ఒకటుంది. ఈ రోజు ప్రపంచంలో ఏ దేశంలో ఇంటి సెట్లు కట్టేవారిని అడిగినా బిట్‌ఎక్స్ అనే పేరు చెబుతారు. దాని రూపకర్త హైదరాబాదు వాసి అష్‌హర్ ఫర్హాన్. 2000 తరువాతి తొలి ఏళ్లలో ఆయన 14 మెగాహెర్ట్జ్ బ్యాండుకు సుమారు 6 వాట్లిచ్చే సెట్టు డిజైన్‌ను అందరికీ ఉచితంగా ప్రకటించారు. దానిలో వాడినవన్నీ వీధి చివర దొరికే సామానే. రేడియోల్లో వాడే చిన్న ట్రాన్సిస్టర్లు, 10 మెగాహెర్ట్జ్ క్రిస్టళ్లు, టీవీ యాంటెన్నా బాలన్‌లోని రెండు రంధ్రాల ఫెర్రైటు ముక్కలు. కాయిళ్లు చుట్టడానికి విదేశీ కోర్లు దొరకకపోతే కుళాయి వాషర్లు చాలన్నారు! చివరి దశలో ఐ.ఆర్.ఎఫ్. 510 అనే మాస్‌ఫెట్. అది రేడియో కోసం పుట్టింది కాదు, పవర్ సప్లైలలో స్విచ్చిగా వాడటానికి చేసింది. చవక, దొరుకుతుంది, అందుకే ఎంచుకున్నారు.

తరువాత 2016లో 7 మెగాహెర్ట్జ్‌కు బిట్‌ఎక్స్40, 2017 చివరలో అన్ని షార్ట్‌వేవ్ బ్యాండ్లకు మైక్రో బిట్‌ఎక్స్ కిట్లుగా హైదరాబాదు నుంచి దేశదేశాలకు వెళ్లాయి. వాటి కాయిళ్లు చుట్టే పని హైదరాబాదు మహిళల బృందానికి ఉపాధి అయింది. మన ఆడపడుచులు చుట్టిన కాయిల్ అమెరికాలో ఎవరి బల్ల మీదనో పాడుతోందంటే ఎంత సంతోషం!

హనుమకొండలో ఒక విచారణ

2006 ప్రాంతంలో నా మిత్రుడి మనవడు ఒకడు ఇంజనీరింగు చదువుతూ బిట్‌ఎక్స్ కట్టాడు. వినడం బ్రహ్మాండంగా ఉంది. పంపడం మాత్రం సున్నాకు కాస్త ఎక్కువ. సెట్టును అట్టపెట్టెలో పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు.

"తాతా, ఫైనల్ రెండుసార్లు మార్చిన. అయినా పవర్ వస్తలేదు. మూడోది కొనుక్కొచ్చిన, పెట్టమంటవా?" అన్నాడు.

"కొన్నది జేబుల పెట్టుకో. మార్చుడు తర్వాత, ముందు కొలుద్దాం" అన్నాను.

మన క్యారియర్ గదిలో పనిచేసిన మిత్రులకు ఈ మాట కొత్త కాదు. హైదరాబాదు నుంచి ట్రంకు లైను మీద మాట సన్నగా వస్తోందంటే మనం వెంటనే యాంప్లిఫైయర్ పీకేవాళ్లమా? 800 సైకిళ్ల టోను, ఒక మిల్లీవాట్ పంపించి, స్టేషను తరువాత స్టేషను లెవెల్ చూసుకుంటూ వచ్చేవాళ్లం. ఎక్కడిదాకా సరిగా ఉందో, ఎక్కడ పడిపోయిందో తెలిస్తే లోపం ఆ రెంటి మధ్యే ఉంటుంది. ట్రాన్స్‌మిటరు కూడా అంతే. మైకు నుంచి యాంటెన్నా వరకు అదొక చిన్న ట్రంకు లైను.

మొదట తూకపురాయి సిద్ధం చేశాం. వెయ్యి ఓముల ఒక వాట్ కార్బన్ రెసిస్టర్లు ఇరవై సమాంతరంగా అతికితే 50 ఓములు, 20 వాట్లు. దీన్ని డమ్మీ లోడ్ అంటారు. యాంటెన్నాకు బదులు దీన్ని తగిలిస్తే ఆకాశంలోకి ఏమీ పోదు, ఎవరికీ అంతరాయం కలగదు. తీగ చుట్టిన రెసిస్టర్లు దీనికి పనికిరావు, అవి స్వయంగా కాయిళ్లే. లోడ్ మీద ఒక చిన్న డయోడు, ఒక కండెన్సరు పెట్టి మామూలు మల్టీమీటరుతో శిఖర వోల్టేజి చూడొచ్చు. లెక్క సులువు: వోల్టుల్ని వోల్టులతో గుణించి నూరుతో భాగిస్తే వాట్లు. 10 వోల్టులైతే 1 వాట్, 20 వోల్టులైతే 4 వాట్లు, ఇరవై నాలుగున్నరైతే 6 వాట్లు.

ఈ రకం సెట్టులో మాట్లాడకపోతే పవర్ ఉండదు. మాటకు ముల్లు ఊగిసలాడుతుంది. మన టోను ఆసిలేటర్ లేదు కాబట్టి కుర్రవాణ్ణి మైకులోకి నిలకడగా ఈల వెయ్యమన్నాను. మీటరు 10 వోల్టులు చూపింది. ఒక వాట్. రావలసినవి ఆరు.

తరువాత సప్లై. ఊరికే ఉన్నప్పుడు బోర్డు దగ్గర 12.6 వోల్టులు. ఈల వేస్తే 11.2కు దిగింది. బ్యాటరీ దగ్గర మాత్రం కదలిక లేదు. అంటే సన్నని తీగ, వదులు క్లిప్పులు మధ్యలో తింటున్నాయి. మందపాటి తీగ వేశాం. లోడ్ మీద 10 కాస్తా 11 అయింది. మేలే, కాని అసలు దొంగ ఇతను కాదు.

ఫైనల్ మీద వేలు పెట్టి చూశాను. నులివెచ్చగా ఉంది. పాడైన ఫైనల్ సాధారణంగా అలా ఉండదు. అయితే కాలుతుంది, లేకపోతే మొదటే కరెంటు తీసుకోదు. నిశ్చల స్థితిలో తీసుకోవలసిన బయాస్ కరెంటు సరిగానే తీసుకుంటోంది. అంటే కూలి సిద్ధంగా ఉన్నాడు, మోయడానికి మూట అందడం లేదు. వాడు రెండుసార్లు మార్చింది ఏ పాపమూ ఎరుగని కూలిని!

డయోడు ప్రోబును మైకు వైపు నుంచి ఒక్కొక్క దశ మీద పెట్టుకుంటూ వచ్చాం. మాడ్యులేటర్ తరువాత సరే. ఫిల్టరు తరువాత సరే. డ్రైవర్ ట్రాన్సిస్టర్ ముందు సరే. దాని వోల్టేజీలూ సరే. కాని డ్రైవర్ దాటి ఫైనల్ గేటు దగ్గరికి వచ్చేసరికి సిగ్నలు సగం కూడా లేదు. మధ్యలో ఉన్నది ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు. చుట్లు లెక్కపెట్టాం, సరిపోయాయి. ఎనామెల్ గీకి అతికాడు, అదీ బాగుంది. మిగిలింది ఫెర్రైటు ముక్క. చూడటానికి బాలన్ కోరులాగే ఉంది. అంగట్లో వాళ్లిచ్చింది మరో రకం ఫెర్రైటు అయివుంటుంది. నల్లటి ముక్కలన్నీ కంటికి ఒక్కటే. తక్కువ ఫ్రీక్వెన్సీకి చేసిన ముక్క 14 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నలును వేడిగా మార్చి మింగుతుంది.

మా మేడ మీద దూరదర్శన్ యాగీ యాంటెన్నా ఉన్న రోజుల బాలన్ ఒకటి డబ్బాలో దాచి ఉంచాను. దాన్ని విప్పి, ఆ కోరు మీద అవే చుట్లు చుట్టాం. ఈల వేశాడు. 23 వోల్టులు. ఐదు వాట్ల పైచిలుకు. కుర్రవాడి ఈల మధ్యలోనే నవ్వుగా మారిపోయింది. జేబులోని మూడో మాస్‌ఫెట్ చాలా ఏళ్లు ఆ జేబు కవరులోనే ఉండిపోయిందని తరువాత చెప్పాడు.

పై బ్యాండ్లలో ఎందుకు తగ్గుతుంది?

అన్ని బ్యాండ్ల సెట్లు కట్టేవారికి మరో సందేహం వస్తుంది. 7 మెగాహెర్ట్జ్‌లో పది వాట్ల దరిదాపుకు వచ్చే సెట్టు 28కి పోతే అందులో కొంతే ఇస్తుంది. ఇది ప్రతిసారీ లోపం కాదు, ఆ మాస్‌ఫెట్ స్వభావం. దాని గేటు ఒక కండెన్సరు లాంటిది, సుమారు 180 పికోఫారడ్లు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర అది 126 ఓముల అడ్డుగా కనిపిస్తుంది, 28 దగ్గర 32 ఓములు మాత్రమే. అంటే అదే వోల్టేజి నిలబెట్టాలంటే డ్రైవర్ నాలుగింతల కరెంటు అందించాలి. చిన్న ట్రాన్సిస్టరుకు అది తలకు మించిన భారం. పైగా చిన్న ట్రాన్సిస్టర్ల గెయిను కూడా పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. అందుకే అనుభవజ్ఞులు ఫైనల్‌ను తిట్టకుండా డ్రైవర్ దశలను బలపరుస్తారు.

దీనికి విరుద్ధమైన మోసం కూడా ఉంది. మీటరు బోలెడు పవర్ చూపిస్తుంది, నోరు మూసుకున్నా చూపిస్తుంది. అది సెట్టు తనంతట తాను ఊళ పెట్టడం. ఆసిలేషన్. అవుట్‌పుట్ ఫిల్టరు సరిగా లేకపోతే రెండింతలు, మూడింతల ఫ్రీక్వెన్సీల మీద పోయే చెత్తను కూడా మీటరు వాట్లుగానే లెక్కిస్తుంది. ఆ వాట్లు మనవి కావు, పక్కవారి రేడియోకు పట్టిన పీడ.

ఎన్ని వాట్లు చాలు?

కుర్రవాళ్లు ఆరు వాట్లు వచ్చాక పన్నెండు కావాలంటారు. వినేవాడి మీటరు మీద ఒక్క గీత పెరగాలంటే పవరు నాలుగింతలు కావాలి. ఆరు వాట్లు ఇరవై నాలుగైతే గాని అవతలివాడికి ఒక గీత తేడా ఉండదు. ఆ శ్రమ యాంటెన్నా మీద పెడితే ఫలితం మెరుగు. 7 మెగాహెర్ట్జ్‌కు సుమారు 20 మీటర్ల రాగి తీగ, మధ్యలో కోసి కేబులు తగిలించి, రెండు చెట్ల మధ్య వీలైనంత ఎత్తున కట్టాలి. అంతే.

ఇంకా చెప్పాలంటే, 2005 మే 5న మన శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి. సి6 మీద వెళ్లిన హామ్‌శాట్ ఉపగ్రహంలోని రిలే పంపిన శక్తి సుమారు ఒక్క వాట్. ఆరువందల కిలోమీటర్లకు పైన తిరుగుతూ అది 2014 జులై దాకా ప్రపంచ హామ్‌లకు సేవ చేసింది. మా కుర్రవాడు పనికిరాదని పారెయ్యబోయిన ఆ ఒక్క వాటే!

ఈ విద్య వట్టి కాలక్షేపం కాదు. 2004 డిసెంబరులో హైదరాబాదు సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందం హామ్ ప్రసారాల కోసం అండమాన్ వెళ్లింది. 26వ తేదీన సునామీ వచ్చి సంబంధాలు తెగిపోతే ఆ సెట్లే పోర్ట్‌బ్లెయిర్ నుంచి ప్రధాన భూభాగానికి కబుర్లు చేరవేశాయి. తరువాత కార్ నికోబార్‌కూ హామ్ సెట్టు చేరింది. మన ప్రాంతమే చూడండి. 2023 జులై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది, మోరంచపల్లి నీట మునిగింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ వైపు రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. అలాంటి రాత్రి బ్యాటరీ మీద నడిచే సెట్టు ఉంటే సరిపోదు. అది మూగబోతే దుకాణం తెరిచేదాకా ఆగకుండా, చేతిలో ఉన్న మీటరుతో లోపం ఎక్కడుందో కనుక్కోగల మనిషి పక్కన ఉండాలి.

అటువంటి మనుషులు మన సంఘంలో ఎందరో ఉన్నారు. మన మీటర్లు, టోను సెట్లు, జాయింటు పెట్టెలు అటక మీద ఉండవచ్చు. క్రమం మాత్రం చేతికి అలవాటై ఉంది: ముందు లోడ్, తరువాత సప్లై, తరువాత బయాస్, ఆ తరువాత మైకు నుంచి ఒక్కొక్క దశ, పిమ్మట ఫిల్టరు, అన్నిటికన్నా చివర యాంటెన్నా. ఇంట్లో మనవడో మనవరాలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే పక్కన కూర్చోండి. పార్టు మార్చబోతే చెయ్యి పట్టుకొని ఆపి, మీటరు అందించండి. సందేహం వస్తే హనుమకొండలో మన నెలవారీ సమావేశానికి సెట్టుతో సహా తీసుకురండి. ఈల వేసేవారు ఎవరో ఒకరు దొరుకుతారు, కొలవడానికి మనమున్నాం.